తెల్ల టైలు, నల్ల గీత

జనగామలో హైవే పక్కనున్న టైల్స్ షాపులో నా పని గదుల కొలతలు విని ఎన్ని పెట్టెలు కావాలో చెప్పడం. టైలు ఎక్కడ మొదలుపెట్టాలో, కోసిన ముక్క ఏ వైపు పడుతుందో కాగితం మీద గీసి ఇవ్వడం కూడా నా పనే. దీనికి ప్రత్యేకంగా చదివిందేమీ లేదు. పదో తరగతి తర్వాత నేర్చుకున్నదంతా గోడలకు టేపు పట్టి, తప్పులు పడినచోట నిలబడి చూసి నేర్చుకున్నదే. ప్రతి మనిషీ తన గది సరైన చదరంగా ఉందని నమ్ముతాడు. నేను కొలిచిన గదుల్లో అలా ఉన్నవి చాలా తక్కువ.

అందుకే షాపుకు పని అడుగుతూ వచ్చిన ఒక అమ్మాయి ఫోనులో చూపించిన బొమ్మ మీద నాకు మొదట అనుమానమే కలిగింది. ఒక తెల్లటి కట్టడం. కిటికీలు లేవు, తలుపులు లేవు. ఒళ్ళంతా నల్ల గీతల చదరాలు. అది ఒక ఊరి మీదుగా పోతుంది, నీళ్ళ మీదుగా పోతుంది, ఎడారిలోంచి పోతుంది, ఎక్కడా ఆగదు. నేను బొమ్మను పెద్దది చేసి మూలలు చూశాను. గోడ మలుపు తిరిగిన ప్రతిచోటా చదరం నిండుగా ఉంది.

"ఇది కట్టింది కాదు బిడ్డా," అన్నాను.

"ఎట్ల తెలిసింది కాకా?"

"ఎక్కడ ముక్క పడలే. ముక్క పడకుంట కట్టినోడు ఇంకా పుట్టలే."

ఆమె నవ్వింది. "కట్టలే. కట్టనీకి గీయలే గూడ. బెదిరియ్యనీకి గీసిన్రు."

ఆమెది గూడూరు దగ్గర ఒక తండా. హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివి తిరిగొచ్చింది. తనతో చదివిన ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి మహబూబాబాద్‌లో ఒక మేడమీది గది అద్దెకు తీసుకుంది. ఆ ఇద్దరిలో ఒకరిది గార్ల, ఇంకొకరిది మహబూబాబాదే. బోర్డు మీద ముగ్గురి పేర్లూ ఒకే వరుసలో, ఒకే సైజులో రాయించుకున్నారు. ఎవరు గీసినా ముగ్గురూ గీసినట్టే అని వాళ్ళ ఒప్పందం. ఇళ్ళు కట్టేవాళ్ళు మాత్రం వాళ్ళ దగ్గరికి రాలేదు. మా దిక్కు ఇంటి ప్లాను మేస్త్రి గీస్తాడు, మార్పులు ఇంటావిడ చెబుతుంది.

ఆ బొమ్మ గీసినవాళ్ళ కథ ఆమె నాకు ఒక్కసారి చెప్పలేదు. టీ తాగేటప్పుడు కొంత, బస్సులో కొంత చెప్పింది. ఇటలీలో ఫ్లారెన్స్ అనే పట్నం. అరవైలలో ఆ పట్నాన్ని పెద్ద వరద ముంచింది. ఆ రోజుల్లోనే అక్కడ ఆర్కిటెక్చర్ చదివిన కొందరు కుర్రవాళ్ళు ఒక గుంపుగా చేరారు. లోకంలో కుర్చీలు, బల్లలు, భవనాలు ఇప్పటికే ఎక్కువయ్యాయని, కొత్తవి గీసి అమ్మకానికి పెట్టడమంటే జనంతో అక్కరలేనివి కొనిపించడమేనని వాళ్ళ వాదన. కాబట్టి భవనాలు కట్టడం కాకుండా, భవనాల మీద ఎగతాళి గీశారు. లోకాన్నంతా ఒకే గళ్ళ కట్టడం కప్పేస్తే మీకు సమ్మతమేనా, మీరు పోతున్న దారి అదే కదా అని అడగడానికి ఆ తెల్ల గోడను గీశారు.

"మరి జనం బెదిరిన్రా?" అని అడిగాను.

"లేదు కాకా. బాగుందన్నరు. గా గళ్ళ గీతలతోనే బల్ల గూడ చేసిన్రు. గా బల్ల ఇప్పటికీ అమ్ముతున్రు."

ఈ మాట ఆమె చెప్పినప్పుడు మేము భూపాలపల్లికి పోతున్నాం. మా సేటు అక్కడ రెండో షాపు పెట్టాలనుకున్నాడు. బొగ్గు గనుల ఊరు, కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. అతను అద్దెకు చూసిన మడిగె కొలవడానికి మమ్మల్ని పంపాడు. బస్సు కార్మికుల క్వార్టర్ల పక్కగా పోయింది. ఒకే ఎత్తు, ఒకే తలుపు, ఒకే సజ్జ, వరస వెనక వరస. ఆమె కిటికీలోంచి చాలాసేపు చూసింది.

"గాళ్ళు గీసిన్రు. మనకాడ గీయకుంటనే కట్టిన్రు," అంది.

భూపాలపల్లి షాపు పని ఆమెకు ఇంకా రాలేదు. సేటు పెట్టిన షరతు వేరే ఉంది. మా దగ్గర ఎప్పుడూ ఉండే తంటా ఏమిటంటే, కొనేవాడు ఒక్క టైలు చేతిలో పట్టుకొని చూస్తాడు. ఇంటికి పోయి హాలంతా పరిచాక, షాపులో చూసింది ఇది కాదంటాడు. దీనికి ఆ అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. ఇటలీ గుంపు ఒకసారి అమెరికాలో ఒక ప్రదర్శనకు అద్దాల పెట్టె చేసిందట. నాలుగు వైపులా అద్దాలు, కింద గళ్ళ నేల. అద్దంలో అద్దం పడి, నేల అంతు లేకుండా పోతున్నట్టు కనిపిస్తుంది. అలాంటి గది ఒకటి మన షాపు మూలన చేస్తే, కొన్ని టైళ్ళతోనే హాలంత నేల చూపించవచ్చు.

సేటు గల్లాపెట్టె మీద వేళ్ళతో దరువు వేస్తూ విన్నాడు. "ముందుగాల ఈడ చెయ్యిన్రి. నలుగురు చూసి బాగుందంటె భూపాలపల్లి షాపు మొత్తం మీ ముగ్గురిదే. లేకుంటె లేదు. నాకు మొగమాటం లేదు బిడ్డా, ముందే చెప్తున్న."

ముగ్గురూ ఆ పని మీద పెట్టుకున్న ఆశ ఎక్కువే. గార్ల అమ్మాయికి హైదరాబాదులో ఒక కంపెనీ ఉద్యోగం ఇస్తామంది, ఆమె జవాబు కోసం ఎదురుచూస్తోంది. భూపాలపల్లి పని వస్తే ఉండిపోతానని, రాకపోతే పోతానని ఆమె చెప్పేసింది. ఆమె పోతే మూడో అమ్మాయి కూడా వాళ్ళ అన్న మెడికల్ షాపులో కూర్చుంటుంది. అప్పుడు మేడమీది గది ఖాళీ చేయాల్సిందే. ఇదంతా నాకు తండా అమ్మాయి దాచకుండా చెప్పింది.

నేల పరచడానికి జఫర్‌గఢ్ మేస్త్రిని పిలిచాం. షాపు మొదలైనప్పటి నుంచీ మా వాళ్ళందరికీ నేలలు వేసేది అతనే. తెల్ల టైలు, నల్ల జాయింటు అని ఆ అమ్మాయి చెప్పగానే తలపాగా తీసి దులిపాడు.

"తెల్ల టైలుకు తెల్ల సిమెంటు కుక్కుతరు గానీ నల్లది కుక్కుతరా? బాత్రూం గూడ గిట్ల ఉండదు."

"గీత కనవడాలె పెద్దనాయినా."

"గీత కనవడితె తప్పు గూడ కనవడ్తది. నాకేం, నా చేతుల తప్పు రాదు. నీ గీతల వస్తె నన్ననొద్దు."

గది లోపలి కొలత ఏడడుగులకు ఏడడుగులు. అద్దాలు అదే కొలతకు హనుమకొండలో కోయించి పెట్టారు. ఎత్తు మనిషి ఛాతీ దాకా. నాలుగో అద్దాన్ని చట్రానికి బిగించి తలుపులా తెరుచుకునేట్టు చేశారు. టైలు రెండడుగుల చదరం.

మేస్త్రులకు ఒక ఆనవాయితీ ఉంది. నేను గీసే కాగితాలన్నీ దాని ప్రకారమే ఉంటాయి. గుమ్మంలో అడుగు పెట్టిన మనిషికి ఎదురుగా, సరిగ్గా నడుమ, నిండు టైలు ఉండాలి. దాని నుంచి రెండు పక్కలకూ పరుచుకుంటూ పోవాలి. చివర్లో మిగిలిన సందు రెండు వైపులా సమానంగా ఉండాలి. ఒక వైపు ముక్క, ఒక వైపు నిండు టైలు పెడితే, గదిలోకి వచ్చినవాడికి ఎందుకో తెలియకుండానే వంకరగా అనిపిస్తుంది. మేస్త్రి పేరు పోయేది అక్కడే. ఏడడుగుల్లో మూడు నిండు టైళ్ళు పోగా ఒక అడుగు మిగులుతుంది. ఎడమ అరడుగు, కుడి అరడుగు. నేను అలాగే గీశాను, అతను అలాగే పరిచాడు, ఆమె చూసి చాలా బాగుందంది. గడప నుంచి లోపలికి మూడు నిండు టైళ్ళు, వెనక గోడకు సగం టైలు పడ్డాయి.

అద్దాలు నిలబెట్టిన రోజు సేటు భూపాలపల్లి బయలుదేరబోతూ ఆగి చూశాడు. గార్ల అమ్మాయి కూడా వచ్చింది. తలుపు మూసి ఐదుగురం ఇరుక్కొని నిలబడ్డాం. వెనక అద్దంలో నేల అనుకున్నట్టే దూరం దాకా పోయింది, చదరం చెదరలేదు. ఎడమకూ కుడికీ చూస్తే మాత్రం మూడు టైళ్ళకోసారి ఒక సన్నటి వరుస పడింది. మళ్ళీ మూడు, మళ్ళీ సన్న వరుస. నల్ల గీతలు కావడంతో అది ఇంకా కొట్టొచ్చినట్టు కనబడింది.

"గిదేంది?" అన్నాడు సేటు. "నడుమ నడుమ పొలం గట్లు లెక్కున్నయి."

నేను వంగి అద్దం అంచున ఉన్న ముక్క మీద టేపు పెట్టాను. అరడుగు ముక్క. అద్దంలో దాని నీడ ఇంకో అరడుగు. రెండూ కలిస్తే అడుగు వెడల్పు టైలు, రెండడుగులది కాదు. వెనక గోడకు పడిన సగం టైలు అద్దంలో తన సగాన్ని కలుపుకొని నిండు టైలు అయింది, అందుకే అక్కడ గీత చెదరలేదు. మామూలు గోడ ముక్కను ముక్కగానే ఉంచుతుంది. అద్దం దాన్ని రెట్టింపు చేస్తుంది. మేము అద్దాన్ని గోడ అనుకున్నాం.

"తప్పు వడ్డది అన్నా," అంది తండా అమ్మాయి.

"ఎవరిది?"

"ముగ్గురిది. నేను, కాక, పెద్దనాయిన."

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు గానీ కాదనలేదు. సేటు వాచీ చూసుకున్నాడు. "నేను పోయొచ్చేదాక టైం. వచ్చెవరకు గిట్లనే ఉంటె అద్దాలు పీకి బాత్రూం సెక్షన్ల పెట్టిస్త," అని బండెక్కాడు.

గార్ల అమ్మాయి బయట మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది. కాసేపటికి, "నేను హైదరాబాదుకు వస్తనని చెప్పేసిన్నే," అంది.

"జర ఆగరాదే. రెండు రోజుల్ల సరిచేస్తం."

"నువ్వు ఇటలీ ముచ్చట్లు బాగ చెప్తవు. గాళ్ళు ఏమీ కట్టకుంట గుంపు నడిపిన్రు. గాళ్ళ ఇండ్లల్ల అడగలేదేమో. మా ఇంట్ల అడుగుతున్రు. నేను ఇటలీదాన్ని కాదు, గార్లదాన్ని."

ఇద్దరూ పోట్లాడుకోలేదు. తండా అమ్మాయి ఆమె వెంట బస్టాండు దాకా నడిచి వెళ్ళి, తిరిగి వచ్చి, నాతో "ఎట్ల సరి చేద్దాం కాకా?" అంది.

లెక్క సులువే. వరుసను మొత్తం అరడుగు పక్కకు జరపాలి. అప్పుడు ఒక అద్దం పక్కన నిండు టైలు వస్తుంది, రెండో అద్దం పక్కన సగం టైలు వస్తుంది. సగం అద్దంలో నిండుతుంది. గీత ఎక్కడా చెదరదు. నేను కాగితం మీద గీసి మేస్త్రికి ఇచ్చాను. అతను కాగితం చూసి మడిచి నాకే ఇచ్చాడు.

"గిది నేను వెయ్య."

"ఎందుకు?"

"గుమ్మం ఎదురుంగ నిండు పలక నడుమకు రాదు. ఒక దిక్కు ముక్క, ఒక దిక్కు పలక. మా నాయిన నేర్పిన పనిల గిట్ల లేదు. ఎవడన్న వచ్చి జఫర్‌గఢ్ మేస్త్రి వేసిండా గిది అని అడిగితె ఏం చెప్పాలె?"

"అద్దంల సరిగనే కనవడ్తది గదా."

"అద్దంల నువ్వు చూస్తవు. నా కాళ్ళ కింద నేను చూస్త."

ఇంకొకర్ని పిలవవచ్చు. నేను ఆ మాట అనలేదు, ఆమె కూడా అనలేదు. అతను పనిముట్లు సంచిలో వేసుకోలేదు, వెళ్ళిపోనూ లేదు. పేర్చిన టైళ్ళ పెట్టెల మీద కూర్చుని బీడీ వెలిగించాడు. ఆమె కింద కూర్చుని పాత జాయింటును ఉలితో గీకడం మొదలుపెట్టింది. ఎలా పరిచినా పాత టైళ్ళు లేపక తప్పదు.

"గా ఇటలోళ్ళు ఏమైన్రు?" అని అడిగాడతను, పొగ వదులుతూ. పని చేసేటప్పుడు ఆమె చెప్పినవి చెవిన పడుతూ ఉన్నాయన్నమాట.

"కొన్నేండ్లకు గుంపు బందయింది. చానమంది కాలేజీల పాఠాలు చెప్పిన్రు."

"ఉత్తగనే?"

"ఉత్తగ కాదు. ఆఖరుకు గళ్ళు ఇడిసిపెట్టి ఊర్ల పొంటి పోయిన్రు. ఒక ముసలి రైతు ఇంటికి పోయి, ఆయన పనిముట్లన్ని ఒక్కొక్కటి చూసి బొమ్మలు గీసుకున్నరు. పార ఎట్ల చేసుకున్నడు, పిడి విరిగితె ఎట్ల కట్టుకున్నడు, పాతదాన్ని దేనికి వాడుకున్నడు అని."

"రైతుకు గంత ఇలువ ఎందుకిచ్చిన్రు?"

"ఏదీ కొనకుంట, తనకు కావల్సింది తనే చేసుకున్నడని."

మేస్త్రి నవ్వాడు. "మా నాయిన గూడ గంతే. తాపీ పిడి ఆయినే చెక్కుకునేటోడు. మా ఇంటికి బొమ్మలు గీయనీకి ఎవడు రాలే, గంతే తేడా." బీడీ ఆర్పి, ఆమె గీకుతున్న తీరు చూశాడు. "గట్ల గీకితె టైలు అంచు లేస్తది. జరుగు, నేను తీస్త."

అతను టైళ్ళు లేపాడు. లేపుతూ, గది చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు అద్దాన్ని రెండుసార్లు తెరిచి మూశాడు. అప్పటికే ఆ తలుపు కింద తెల్ల టైలు మీద మా చెప్పుల మట్టి ఉంది.

"గీ గదిలకు మనిషి పోవుడెందుకు?" అన్నాడు.

"నిలబడి చూడనీకి."

"షాపుకొచ్చినోళ్ళు చెప్పులిడుస్తరా? ఒక్క పొద్దుల నేల ఎర్రగైతది. పోయినోడు లోపట ఏం చూస్తడు? నేల చూస్తడా, చుట్టు తన మొకమే చూస్తడా? తలుపు బిగగొట్టున్రి. అద్దం ఛాతి దాకనే ఉన్నది గదా, బయట నిలవడి మీదికెల్లి తొంగి చూస్తరు."

"తలుపు లేకుంటనా?"

"తలుపు లేకుంటె గుమ్మం లేదు. గుమ్మం లేకుంటె ఎదురు లేదు. ఎదురు లేకుంటె నడుమ లేదు. గప్పుడు ముక్క ఏ దిక్కు పెట్టినా నన్ను అడిగేటోడు లేడు." సంచిలోంచి దారం ఉండ తీశాడు. "ఏదీ, గా కాగితం ఇటియ్యి."

ఆమె ఫోనులో అమెరికా పెట్టె గురించి మళ్ళీ వెతికి చదివింది. చూసేవాళ్ళు బయట నిలబడే దాన్ని చూశారని అందులో ఉంది. కాలేజీలో చదివాను గానీ పట్టించుకోలేదంది. మేస్త్రికి చెబితే, "వాళ్ళకాడ గూడ చెప్పుల మట్టి ఉంటది మరి," అన్నాడు.

తలుపు చట్రం బిగించేసి, నేల కొత్త గీతకు పరిచాడు. బయట నిలబడి వంగి, గడ్డం అద్దం అంచుకు ఆనిస్తే, తెల్ల నేల నాలుగు దిక్కులా ఎక్కడా చెదరకుండా పోయింది. దాని మీద వరుసగా మా తలకాయలు మాత్రమే ఉన్నాయి. నాకు అది అందంగా ఉందని చెప్పలేను. నీడ లేదు, చెట్టు లేదు, ఎటు చూసినా ఒకటే. వాళ్ళు దీన్ని ఎందుకు బెదిరింపు అనుకున్నారో అప్పుడు కొంత అర్థమైంది. కొనడానికి వచ్చినవాళ్ళకు మాత్రం నచ్చింది. పాలకుర్తి దిక్కు నుంచి వచ్చిన ఒకావిడ తన భర్త మెడ పట్టి వంచి, "చూడు, మన హాలు గింత పెద్దగ కనవడాలె," అంది. భర్త అద్దంలో తన బట్టతల వరుసలన్నీ చూసుకొని నిటారుగా నిలబడ్డాడు.

సేటు భూపాలపల్లి మడిగె ఖాయం చేసుకొని వచ్చాడు. వంగి చూశాడు. ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నడిచి మళ్ళీ చూశాడు.

"గట్లు ఏమైనయి?"

"తీసేసినం అన్నా."

"మంచిగున్నది. ఊరంత గిట్లనే పరిస్తె ఎట్లుంటది!"

ఆమె నా వైపు చూసింది. నవ్వలేదు. "భూపాలపల్లిల గిట్లాంటిది ఒక్కటే పెడ్దాం అన్నా. మిగిలిన జాగల కిటికీలు తెరిపిద్దాం. ఎండల టైలు ఎట్లుంటదో గూడ చూడాలె గదా జనం," అంది.

సేటుకు ఒకటి అడిగితే రెండు చెప్పేవాళ్ళు నచ్చరు. అయినా ఆలోచించాడు. "సరే, గీసుకరా. చూస్త," అని, బయటి బోర్డు మీద డిజైన్ చేసినవాళ్ళ పేర్లు రాయిస్తానన్నాడు. అతను ఒప్పుకున్నాడని మాకు అర్థమైంది ఆ మాటతోనే. "ఎవరెవరివి రాయాలె?"

"ముగ్గురివి."

"ఒకామె హైదరాబాదు పోయింది గదా?"

గార్ల అమ్మాయి ముందురోజే అక్కడ చేరిపోయింది. ఆ సంగతి తండా అమ్మాయికి ఫోనులో చెబుతూ చాలాసేపు మాట్లాడిందని, మూడో అమ్మాయి మాత్రం మెడికల్ షాపుకు పోయే ఆలోచన మానుకుందని నాకు పొద్దున్నే తెలిసింది.

"ఆదివారాలు వస్తదన్నా," అంది తండా అమ్మాయి.

"ఆదివారం షాపు బంద్."

"అందుకే వస్తది. ముగ్గురం ఈడనే కూసొని గీస్తం."

సేటు ఆమెను చూసి, తర్వాత నన్ను చూశాడు. షాపు తాళంచెవి ఉండేది నా దగ్గరే. ఆదివారం షట్టర్ ఎత్తడానికి ఎన్నింటికి రావాలో నేను ఆమెను అడిగాను.